పంచదార సింహం

ఆ రోజుల్లో హైదరాబాదు మధురానగర్‌లో మేడ మీద గది అద్దెకు తీసుకున్న కుర్రాడు రెండు రకాల్లో ఒకడై ఉండేవాడు. కంప్యూటర్ పుస్తకం చంకలో పెట్టుకుని అమీర్‌పేటకు నడిచేవాడు ఒకడు, ఫొటోల కవరు చంకలో పెట్టుకుని ఫిలింనగర్ బస్సెక్కేవాడు ఇంకొకడు. ఇద్దరూ ఒకే మెస్సులో పక్కపక్కన కూర్చుని సాంబారు పోయించుకుంటూ, వీడి బతుకు ఏమైపోతుందో పాపం అని ఒకరి గురించి ఒకరు జాలిపడేవాళ్ళు. నేను మొదటి రకం. కోర్సు చేసి, ఉద్యోగం తెచ్చుకుని, మెడలో కంపెనీ కార్డు వేలాడేసుకుని తిరుగుతుండేవాణ్ణి (ఆదివారం కూరగాయలకు వెళ్ళేటప్పుడు కూడా వేసుకునేవాణ్ణని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు). అలాంటి నేను ఒకరోజు జూబ్లీహిల్స్‌లో ఒక సినిమా షూటింగులో, టేబుల్ కింద మోకాళ్ళ మీద కూర్చుని, ఒక సింహం తల నిలబెట్టే పనిలో ఉంటానని ఎవరైనా చెప్పి ఉంటే, ఆ సాంబారు వాళ్ళ మీదే పోసి ఉండేవాణ్ణి.

ఉద్యోగంలో చేరిన మూడో ఏట మా ప్రాజెక్టు అయిపోయింది, కొత్తది రాలేదు. అలాంటివాణ్ణి ఆఫీసులో ‘బెంచి మీద ఉన్నాడు’ అంటారు. నిజానికి బెంచీ ఏమీ ఉండదు, మెత్తటి కుర్చీయే ఉంటుంది. పని మాత్రం ఉండదు. పొద్దున్నే వెళ్ళి కార్డు గీకాలి, సాయంత్రం దాకా కూర్చోవాలి, పెద్దవాళ్ళెవరైనా అటు వస్తే తెర మీద ఏదో గంభీరమైన విషయం చదువుతున్నట్టు నుదురు ముడవాలి. అలా నుదురు ముడుచుకుని ఒకరోజు నేనొక వీడియో చూశాను. ఎవరో విదేశీ ఆవిడ కేకును కత్తితో చెక్కి, దాని మీద పంచదార ముద్దను పల్చగా పరిచి, అచ్చం తోలుబూటు చేసింది. కుట్లు, లేసులు, మడమ దగ్గర అరుగుదలతో సహా. చివరికి ఆ బూటును కోసుకుని తినేసింది. నేనప్పటిదాకా మూడేళ్ళు పనిచేశాను గానీ, ఇదిగో ఇది నేను చేశాను అని ఎవరికైనా చేతికిచ్చి చూపించగలిగింది ఒక్కటీ లేదు. ఎక్కడో ఒక బ్యాంకువాళ్ళ లెక్కల్లో ఎవరికీ కనబడని ఒక మూల నేను రాసిన నాలుగు వరుసలున్నాయి, అంతే. ఆ బూటు చూశాక నా చేతులు దురద పెట్టడం మొదలైంది.

కేకు మీద పరిచే ఆ ముద్దను ఫాండెంట్ అంటారు. పంచదార పొడిలో జెలటిన్, గ్లూకోజు, కాస్త గ్లిజరిన్ వేసి చపాతీ పిండిలా పిసికితే వస్తుంది. ఇప్పుడైతే డబ్బాల్లో దొరుకుతోంది, అప్పట్లో మన చేతులే గతి. గ్లిజరిన్ కోసం మందుల షాపుకు వెళ్తే అక్కడాయన ‘పెదాలు పగిలినయా, చెవి నొస్తుందా’ అని అడిగాడు. కేకులోకి అన్నాను. ఆయన సీసా ఇచ్చాడు గానీ, నేను వీధి చివర తిరిగేదాకా నా వైపే చూస్తూ నిలబడ్డాడు. చిన్న ఓవెన్ ఒకటి, పంచదార పొడి ఐదు కిలోలు కొని మేడ మీదికి మోసుకొచ్చాను.

కింద ఇంట్లో ఓనరాంటీ ఉండేది. పుట్టిందీ పెరిగిందీ హైదరాబాదే, మాట గట్టిది, మనసు దానికి పూర్తిగా వ్యతిరేకం. బ్యాచిలర్ గదిలోకి తెల్లపొడి సంచులు వెళ్ళడం ఆవిడ కంట పడనే పడింది. అరగంటలో మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఏంది బాబు గిది? తెల్లపొడి, సీసాలు, పొయ్యి. టీవీల సూపిస్తరు గసొంటి పని గిట్ల ఏమన్న వెట్టినవా నా ఇంట్ల?”

“పంచదారండీ ఆంటీ. కేకు కోసం.”

“అయితే ముందుగాల నువ్వు తిను.”

ఆవిడ చూస్తుండగా నిండు చెంచాడు పంచదార పొడి నోట్లో వేసుకున్నాను. దగ్గొచ్చి నా మొహం, చొక్కా, ఆవిడ చీర కుచ్చిళ్ళు అన్నీ తెల్లబడ్డాయి. ఆవిడకు నమ్మకం కుదిరింది. అక్కడితో ఆగకుండా లోపలికొచ్చి నా పిసుకుడు కాసేపు చూసి, “వేళ్ళతోని కాదు. జొన్నరొట్టె పిండిని గిట్ల చెయ్యి మడిమెతోని ఒత్తాలె, పగుళ్ళు పోయేదాంక” అంటూ పీట ముందుకు లాక్కుని కూర్చుంది. పది నిమిషాల్లో నా చేతుల్లో బీటలు వారిన ముద్ద ఆవిడ చేతుల్లో పట్టుబట్టలా తయారైంది. వీడియోలు పాతిక చూసినా రానిది ఆ పూట వచ్చింది. (జెలటిన్‌ను పశువుల తోలు, ఎముకల నుంచి తీస్తారని మాత్రం చాన్నాళ్ళు చెప్పలేదు. చెప్పాక శనివారాలు రుచి చూడటం మానేసింది, పిసకడం మానలేదు.)

పిండి వచ్చింది గానీ బొమ్మ రాలేదు. నేను కోడి చేస్తే ఆంటీ కూజా అనుకుంది. కుందేలు చేస్తే “కత్తెర మంచిగ చేసినవ్” అంది. ఏది చేసినా గంటలో మెడ వాలిపోయి, ఏదో దుర్వార్త విన్నట్టు కూలబడేది. అప్పుడు ఒక ఆదివారం ఆంటీ వాళ్ళ తమ్ముడొచ్చాడు. బోరబండలో ఉంటాడు, సినిమా సెట్లకు మట్టితో, ప్లాస్టర్‌తో విగ్రహాలు చేసే మేస్త్రి. దేవుళ్ళు, ద్వారపాలకులు, ఏనుగు తలల స్తంభాలు, ఏది అడిగితే అది చేస్తాడు. ఆయన నా కోడి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, “మంచిగనే ఉన్నది తమ్మి. గని లోపట బొక్కల్లేవు. బొక్కలు పెట్టు, నిలబడ్తది” అని చెప్పి టీ తాగి వెళ్ళిపోయాడు.

మా కోస్తా వైపు బొక్క అంటే కన్నం. గాలి ఆడటానికి కాబోలు, వృత్తి రహస్యం కాబోలు అని నేను ఆ వారమంతా శ్రద్ధగా కష్టపడి, పైనుంచి కింది దాకా కూల్‌డ్రింకు గొట్టంతో కన్నాలు పొడిచిన కోడిని తయారుచేశాను. అది మునుపటి కంటే త్వరగా కూలింది. మళ్ళీ ఆదివారం మేస్త్రి వచ్చి దాన్ని వంగి చూశాడు.

“గిదేంది? చీమల పుట్టనా?”

“మీరే కదండీ బొక్కలు పెట్టమన్నారు.”

ఆయన నవ్వలేదు. ఆంటీ మాత్రం మెట్ల మీద కూలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, “బొక్కలంటే ఎముకలు బాబు. కోడిని తిన్నవు గని బొక్క కొరకలే నువ్వెన్నడు?” అంది. ఆ సాయంత్రం మేస్త్రి మేడ మీద బకెట్టెడు మట్టి తెప్పించి, వెదురు పుల్లలు విరిచి, నాకు మొదటి పాఠం చెప్పాడు. ముందు ఎముక, తరవాత కండ, చివరికి తోలు. బరువంతా కిందికి దిగాలి. అనుమానం వస్తే బొమ్మను అద్దంలో చూడాలి, తప్పు అక్కడ దాక్కోలేదు. అప్పట్నుంచి ఆదివారం ఆదివారం వచ్చేవాడు. ఎందుకింత శ్రమ పడుతున్నారని అడిగితే, నేర్చుకుంటానని వచ్చినవాడు చాలా ఏళ్ళలో నేనొక్కణ్ణే అన్నాడు. సెట్లలోకి థర్మకోల్ కోసే యంత్రాలు వచ్చి, చేత్తో చేసేవాళ్ళకు పిలుపులు తగ్గిపోతున్నాయి. ఒక్క ఆర్ట్ డైరెక్టర్ మాత్రం పాత మనిషని ఇంకా పిలుస్తున్నాడు.

ఆ పిలుపు నా మెడకు చుట్టుకుంది. ఒక సినిమాలో విలన్ పుట్టినరోజు పండగ. కూర్చున్న సింహం ఆకారంలో పెద్ద కేకు. హీరో వస్తాడు, ఒక మాటంటాడు, కత్తి తీసి ఒక్క వేటుతో సింహం తల నరుకుతాడు. థర్మకోల్ అయితే ఎగురుతుంది తప్ప ముక్కలు రాలవు, నిజం కేకే కావాలని దర్శకుడి పట్టు. “మా అక్క ఇంట్ల సాఫ్ట్‌వేర్ పిల్లగాడున్నడు సార్, చేస్తడు, నాది పూచీ” అని మేస్త్రి చెప్పేశాడట. నాకు ఆ మాట చేరవేసి, “భయపడకు, నేనున్న” అన్నాడు.

ఆఫీసుకు రెండు రోజులు సెలవు పెట్టాను (బెంచి మీద ఉన్నవాడు సెలవు అడిగితే మా మేనేజరు మొహంలో కనబడిన అయోమయం ఇప్పటికీ గుర్తుంది). ముగ్గురం కలిసి సింహాన్ని చేశాం. ఆంటీ పిసికింది, నేను పరిచాను, జూలు మాత్రం మేస్త్రి గీశాడు. వెళ్ళేముందు ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పాడు. “ఒంట్ల బొక్కలు ఉండాలె. మెడల మాత్రం పెట్టకు, గది తెగాలె. తలకాయ వేరే డబ్బాల తీస్కరా, ఆడికొచ్చినంక నేను అతికిస్త.”

ఇక్కడ నా గొప్ప అడ్డం వచ్చింది. డబ్బా తెరవగానే యూనిట్ అంతా సంపూర్ణమైన సింహాన్ని చూసి నోరెళ్ళబెట్టాలి, తల ఒక డబ్బాలో మొండెం ఒక డబ్బాలో తీసుకెళ్తే మటన్ కొట్టులా ఉంటుంది కదా అనిపించింది. తెల్లవారాక తలను నేనే అతికించేశాను. అద్భుతంగా కుదిరింది. కానీ యూసుఫ్‌గూడ నుంచి పైకెక్కే దారిలో స్పీడు బ్రేకర్లు గుర్తొచ్చాయి. కిందికి వెళ్తే వరండాలో ఆంటీ సగం అల్లిన స్వెట్టరు కనబడింది. దాంట్లోంచి ఒక ఇనుప సూది లాగి, కడిగి, సింహం మెడలోకి దించాను. అక్కడికి చేరాక ఎవరూ చూడకుండా లాగేయొచ్చు అనుకున్నాను. ఆటోలో డబ్బాను ఆంటీ ఒళ్ళో పెట్టుకుంది. హీరోను చూడాలని పెళ్ళి చీర కట్టుకొచ్చింది. లోపల ఏముందని ఆటో ఆయన అడిగితే “సింహం. నువ్వు మెల్లగ పోనియ్యి” అంది.

అద్దెకు తీసుకున్న ఆ బంగళా హాల్లో డబ్బా తెరిచినప్పుడు నేను కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది. లైట్ల వాళ్ళు కూడా దిగొచ్చి చూశారు. దర్శకుడు “ఏంటండీ, ఇది పంచదారా?” అని రెండుసార్లు అడిగాడు. మేస్త్రి ఒక్కడే మెడ వైపు చూశాడు.

“అతికిచ్చి తెచ్చినవా? లోపట ఏం పెట్టలే గద?”

దర్శకుడు పక్కనే ఉన్నాడు, ఇంకా మెచ్చుకుంటూనే ఉన్నాడు. “లేదండీ” అన్నాను. ఆ తరవాత ఒంటరిగా చిక్కినప్పుడు జూలు వెనక వేళ్ళు పెట్టి సూదిని లాగి చూశాను. పంచదార గట్టిపడి అది రాయిలో నాటిన మేకులా ఉంది.

యాక్షన్ అన్నారు. హీరో గారు నడిచొచ్చారు, మాటన్నారు, కత్తి దూశారు, వేశారు. టంగుమని గుళ్ళో గంట మోగినట్టు మోగింది. సౌండు ఆయన చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు. అల్యూమినియం కత్తి సూది దగ్గర వంగి ఇరుక్కుపోయింది. హీరో గారు ఊడబెరుకుదామని గట్టిగా లాగేసరికి సింహం మొత్తంగా గాల్లోకి లేచి, ఒక క్షణం ఊగి, మొహం కిందికి పెట్టి టేబుల్ మీద పడింది. ముక్కు పోయింది. ఆయన వంగిన కత్తిని చూసుకుని “మా ఫైట్ మాస్టర్ మెడ కూడా ఇంత గట్టిగా ఉండదండీ” అన్నారు. ఎవరూ నవ్వలేదు. దర్శకుడు కుర్చీలోంచి లేచాడు.

“ఎవరండీ ఈ కేకు తెచ్చింది?”

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు మేస్త్రి అడుగు ముందుకేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“నేనే సార్. మెడల పుల్ల నేనే పెట్టిచ్చిన. పిల్లగానిది తప్పు లేదు. గంట టైమియ్యండి, మల్ల తయారు చేస్త.”

పదిమంది ముందు ఆ పెద్దమనిషి మాటలు పడ్డాడు. నేను పక్కనే నిలబడి, మెడలో వేసుకుని మరీ వెళ్ళిన నా కంపెనీ కార్డును అటూ ఇటూ తిప్పుతున్నాను. ఆ అయిదు నిమిషాలూ నన్ను నేను ఎంత అసహ్యించుకున్నానో, మళ్ళీ ఎప్పుడూ అంత అసహ్యించుకునే అవసరం రాలేదు.

హీరో గారు ఈలోపు వేరే సీను చేయడానికి ఒప్పుకున్నారు. బంగళా వంటింట్లో ఆంటీ పెళ్ళి చీర కొంగు నడుముకు దోపి మిగిలిన ముద్దంతా పిసికింది. మేస్త్రి కొత్త తల చేశాడు. నేను గంటల తరబడి గీసిన కళ్ళను ఆయన బొటనవేలితో రెండు నొక్కులు నొక్కి తెప్పించాడు. అప్పుడే చేసిన తల ఇంకా పచ్చిగా ఉంది, ఎముక లేని మెడ ఆ లైట్ల వేడికి వాలిపోతుంది. అందుకని ఆయన టేబుల్ చెక్కకు కన్నం వేయించి, కిందినుంచి సింహం మెడ దాకా ఒక కర్ర పంపించాడు. టేబుల్ మీంచి వేలాడే గుడ్డ చాటున ఒక మనిషి కూర్చుని కర్ర పట్టుకోవాలి, కత్తి లేచే క్షణానికి కిందికి లాగేయాలి. “నేను కూర్చుంటానండీ” అన్నాను. ఆ రోజు నేను నిజాయితీగా అన్న మొదటి మాట అది.

టేబుల్ కింద చీకటిగా, ఉక్కగా ఉంది. కర్ర మీదుగా చేతుల్లోకి గ్లూకోజు పాకం కారుతోంది. నాకు కనబడేవి బూట్లు మాత్రమే. హీరో గారి మాట ఇది: “గర్జించే సింహాన్ని చూశావు. గర్జించకుండా నరికేవాణ్ణి చూశావా?” ‘చూశావా’ అనగానే లాగాలి. రిహార్సల్లో నేను కంగారులో ‘చూశావు’కే లాగేశాను. పైన సింహం హీరో గారికి తల వంచి నమస్కారం చేసిందట. ఆయన మాట ఆపి, “ఇది ముందే లొంగిపోయిందండీ. ఇంక నరకడం ఎందుకు?” అన్నారు. ఈసారి మాత్రం అందరూ నవ్వారు. దర్శకుడి నవ్వు కూడా వినబడింది. ఆ నవ్వు వినగానే కర్రను మళ్ళీ గట్టిగా పట్టుకున్నాను. తల సర్ది, మళ్ళీ మొదలుపెట్టారు. ‘చూశావు’ అన్నారు, ఊపిరి బిగబట్టాను. ‘చూశావా’ అన్నారు, లాగాను. పైన మెత్తగా ‘సర్‌క్’ మంది. గుడ్డ అంచు కింది నుంచి, సింహం తల దొర్లుకుంటూ వచ్చి నా మోకాలి దగ్గర ఆగింది. బయట చప్పట్లు కొడుతున్నారు.

తిరిగి వస్తూ కృష్ణానగర్‌లో టీ తాగడానికి ఆగాం. ఆంటీ హీరో గారితో దిగిన ఫొటోను ఫోన్లో పక్క టేబుల్ వాళ్ళకు చూపిస్తోంది. నేను గ్లాసులోకి చూస్తూ, “మేస్త్రి గారూ, ఆ సూది నేనే పెట్టాను. మీరడిగితే అబద్ధం చెప్పాను” అన్నాను.

“ఎర్కే తమ్మి. కత్తి మోగినప్పుడే ఎర్కైంది.”

“మరి మీ మీదెందుకు వేసుకున్నారండీ? ఆయన మిమ్మల్ని మళ్ళీ పిలవకపోతే?”

ఆయన టీ పూర్తిగా తాగి, గ్లాసు పక్కన పెట్టాడు. “తిట్లు తిని తిని నాకు అలవాటే. నీకు గది మొదటి పని. మొదటి పనిల అందరి ముంగట తిట్లు పడితే చెయ్యికి భయం పడ్తది. భయపడ్డ చెయ్యి మల్ల బొమ్మ చెయ్యదు.” లేచి నిలబడుతూ, “అబద్ధం మాత్రం మల్ల చెప్పకు” అన్నాడు. అంతే. ఆ విషయం మా మధ్య మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఆర్ట్ డైరెక్టర్ ఆయన్ని పిలవడం మానలేదని తెలిసేదాకా నాకు అన్నం సరిగ్గా సహించలేదు.

తరవాత నాకు ప్రాజెక్టు వచ్చింది, పొద్దున వెళ్తే పొద్దుపోయాక వచ్చే రోజులు మళ్ళీ మొదలయ్యాయి. అయినా ఆదివారాలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఒక ఆదివారం మేస్త్రి తనే నాకు పని చెప్పాడు. మనవరాలికి ఐదో పుట్టినరోజు. వాళ్ళ ఇంటి వెనకనుంచి పోయే లోకల్ రైలు అంటే ఆ పిల్లకు ప్రాణం, అది కేకుగా కావాలట. బోరబండలో వాళ్ళ ముందుగదిలో చాప మీద కూర్చుని ఇద్దరం రైలు చేశాం. కిటికీలు నావి, పెట్టెలు ఆయనవి. పిల్లలు పదిహేను మంది చేరి, ఇంజనుతో మొదలుపెట్టి పెట్టె తరవాత పెట్టె తినేశారు. మేస్త్రి గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. సెట్లో ఆయన చేసినవన్నీ షూటింగ్ అయిన మర్నాడే గునపాలతో పగలగొట్టి లారీలో వేస్తారు. ఆయన చేసింది ఒకరు ఇష్టంగా నోట్లో పెట్టుకోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. మనవరాలు వచ్చి ఒక చక్రం ఆయన నోట్లో పెట్టింది. నమిలి, “తీపి జర ఎక్కువైంది” అన్నాడు. అంటూనే ఇంకో చక్రం కోసం చెయ్యి చాపాడు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. మా ఆఫీసులో ఎవరి పుట్టినరోజైనా కేకు నేనే చేస్తాను. కొత్తగా చేరిన పిల్లలు “సార్, ఇది ఎక్కడ నేర్చుకున్నారు?” అని అడుగుతారు. బోరబండ మేస్త్రి దగ్గర, మధురానగర్ ఆంటీ దగ్గర అని చెబితే అవేవో ఇన్‌స్టిట్యూట్ల పేర్లనుకుని తలలూపుతారు. నేను సరిదిద్దను, ఒక రకంగా వాళ్ళనుకున్నదీ నిజమే. నాకు పంచదార తగ్గించమని డాక్టరు గట్టిగా చెప్పాడు కాబట్టి రుచి చూసే పని మా అమ్మాయిది. అది ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుని నములుతుంటే నేను ఎదురుగా నిలబడి, ఈ వయసులో కూడా, పరీక్ష రాసిన కుర్రాడిలా దాని మొహం వైపే చూస్తుంటాను.